సైనిక వైమానికుల తొలినాటి ప్రథమ చికిత్స సామగ్రి

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానికుల వెంట ఉన్న మందుల సామగ్రి కాల్బలానిదే. 1912లో ఏర్పడిన రాయల్ ఫ్లయింగ్ కోర్ సైన్యంలో భాగం కాబట్టి, సిపాయి యూనిఫారం లోపలి జేబులో ఉండే ‘ఫీల్డ్ డ్రెస్సింగ్’ పొట్లమే వీరికీ దిక్కు. ఖాకీ గుడ్డ సంచిలో తడి తగలకుండా చుట్టిన రెండు కట్లు, పిన్నీసులు ఉండేవి. చిన్న అయోడిన్ గొట్టం తర్వాత చేరింది. కందకంలోని సిపాయికి అది అక్కరకొచ్చేదే. పైలట్ సంగతి వేరు. ఒక చేయి కంట్రోల్ కర్ర మీద ఉండగా, దళసరి తొడుగున్న రెండో చేత్తో తోలుకోటు కింది పొట్లం తీసి విప్పాలి! గాయపడ్డవాడు చేయగలిగింది త్వరగా దిగిపోవడమే.

అలా 1915 ఏప్రిల్ 26న ఈ దళపు పైలట్ రోడ్స్-మూర్‌హౌస్ కోర్ట్రాయ్ రైలు జంక్షన్‌పై బాంబు వేసి, తూటా దెబ్బలతోనే తిరిగొచ్చి మర్నాడు చనిపోయాడు. అదే ఏడాది జులై 31న తొడ నుజ్జయిన ఐడన్ లిడెల్ అరగంట పాటు విమానం నడిపి క్షేమంగా దించాడు. గాయం చీముపట్టి నెలకు కన్నుమూశాడు. 1917లో కాలికి తూటాలు తగిలిన హర్‌దిత్ సింగ్ మాలిక్ మాత్రం బతికి బయటపడ్డాడు.

పైలట్‌ను తూటాకన్నా ఎక్కువ భయపెట్టింది పెట్రోలు మంట. కాలిన చర్మానికి టానిక్ ఆమ్లం పూయాలని 1925లో డెట్రాయిట్ వైద్యుడు ఎడ్వర్డ్ డేవిడ్‌సన్ చెప్పాక, ఆ ఆమ్లం కలిపిన జెల్లీ ట్యూబులు బ్రిటిష్ విమానాల ప్రథమ చికిత్స పెట్టెల్లోకి ఎక్కాయి. మన తంగేడు చెక్కతో తోళ్లు ఊనడం తెలిసినవారికి దాని గుణం చెప్పనక్కర్లేదు. పూసినచోట చర్మం పెచ్చులా గట్టిపడుతుంది. 1940లో కాలిన పైలట్ల వేళ్లు కొంకర్లు పోయి, కనురెప్పలు మూతపడక పోవడానికి ఆ పెచ్చు కూడా ఒక కారణం. మేలు చేయబోయి కీడు చేసిన మందు అది. సముద్రంలో పడ్డవారి గాయాలు మెరుగ్గా మానడం గమనించిన ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ సర్జన్ ఆర్చిబాల్డ్ మెకిండో ఉప్పునీటి స్నానాలు మొదలుపెట్టాడు. టానిక్ ఆమ్లం వాడకం మానాలని గట్టిగా పట్టుబట్టాడు.

పెట్టెతో ఇంకో చిక్కుంది. పైలట్ దూకేస్తే అది విమానంతోనే పోతుంది. అందుకే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికన్లు పారాచూట్ పట్టీకే కట్టుకునే చిన్న పొట్లం తెచ్చారు. అందులో ఒక కట్టు, రక్తం ఆపే బిగింపు పట్టీ, మార్ఫిన్ ‘సిరెట్’ ఉండేవి. సిరెట్ చిన్న టూత్‌పేస్ట్ ట్యూబు లాంటిది, మూతి దగ్గర సూది. లోపలి తీగను నొక్కి సీలు పగలగొట్టి, తీగ లాగేసి, సూది గుచ్చి ట్యూబు పిండాలి. రెండో మోతాదు పొరపాటున పడకుండా, ఖాళీ ట్యూబును గాయపడ్డవాడి కాలరుకు గుచ్చి ఉంచేవారు.