బాలింతకు ఒక పళ్ళెం

కొద్దికాలం క్రిందట మా సహోద్యోగులలో ఒకరి ఇంట పురుడు జరిగింది. కార్యాలయంలో అందరమూ తలా కొంత వేసుకొని, బజారుకు పోయి, కానుకలు కొన్నాము. వెండి గిన్నె ఒకటి, ఉగ్గుగిన్నె మరొకటి, గిలక, పట్టుకుచ్చుల టోపీ, పసివానికి ఆరునెలల వరకు సరిపోయే చొక్కాలు—ఇవీ మా మూటలోనివి. ఇల్లు చేరి, ఉయ్యాల చుట్టూ నిలబడి, బిడ్డ ముక్కు ఎవరిది, నుదురు ఎవరిది అన్న చర్చ ముగించి తిరిగి వస్తూ ఉంటే మాలో వయసులో పెద్ద అయినవారు ఒక ప్రశ్న వేశారు: “అన్నీ బాగానే ఉన్నవి. ఆ తల్లికి ఏమి తీసుకొని వెళ్ళాము?”

ఎవరమూ మాట్లాడలేదు. ఆమె మంచంమీద గోడకు చేరగిలబడి, మేమున్నంతసేపూ చిరునవ్వు నవ్వుతూనే ఉన్నది. ఆమె ఆ పూట ఏమి తిన్నదో, రాత్రి ఎంతసేపు నిద్రపోయినదో అడగాలని మాకు తోచనే లేదు. ఆ ప్రశ్న మమ్మల్ని కొన్నాళ్ళు వెంటాడింది. పురిటి కానుక బిడ్డకా, తల్లికా? పూర్వులు దీనిని గురించి ఏమనుకొన్నారు? చరిత్ర తిరగవేస్తే, బాలింతకు కానుక ఇవ్వడమన్నది ఒక కళగా వర్ధిల్లిన నగరం ఒకటి కనిపించింది. అది ఇటలీలోని ఫ్లారెన్స్.

1348లో ఫ్లారెన్స్ నగరాన్ని మహామారి తాకింది. జనంలో సగానికి సగం నశించారని చరిత్రకారుల అంచనా. ఆ తరువాత కూడ తరతరానికీ ఆ వ్యాధి మళ్ళీ మళ్ళీ వచ్చిపోతూనే ఉండేది. ఇళ్ళు ఖాళీ అయిన ఆ ఊరిలో ఒక బిడ్డ పుట్టడం ఆ కుటుంబానికే కాదు, ఊరికంతకూ పండుగ. కాని ప్రసవం స్త్రీకి గండమని కూడ అందరికీ తెలుసు. ఈ ఆశకూ, ఈ భయానికీ నడుమ ఒక వస్తువు పుట్టింది. అదే ‘దెస్కో ద పార్తో’. మన భాషలో పురిటి పళ్ళెమని చెప్పుకోవచ్చును.

అది చెక్కతో చేసిన పళ్ళెం. గుండ్రంగానో, పన్నెండు లేక పదహారు కోణాలతోనో ఉండేది. ముందువైపు పురాణగాథ గాని, పురిటిగది దృశ్యం గాని రంగులలో చిత్రించేవారు. వెనుకవైపు ఆటలాడే మగపిల్లల బొమ్మలో, వంశచిహ్నాలో ఉండేవి. దానిమీద శుభ్రమైన బట్ట పరచి, కోడిరసం, మిఠాయిలు, పండ్లు, ద్రాక్షాసవం పెట్టి, మంచంలో ఉన్న బాలింత దగ్గరకు తీసుకొనివెళ్ళేవారు. చూడవచ్చిన బంధువులు కూడ తినుబండారాలను కానుకలుగా తెచ్చేవారు. ఈ పళ్ళేలు ధనవంతుల ఇళ్ళలోనే కాక, వృత్తిపనివారి ఇళ్ళ ఆస్తిజాబితాలలోను కనిపిస్తాయి. అంటే కలిగినవారి వైభవానికి మాత్రమే పరిమితమైన ఆచారం కాదన్నమాట.

ఇక్కడ ఒక సంగతి గమనింపదగినది. పళ్ళెం ఎంత అందమైనదైనా దాని మొదటి పని వడ్డన. బాలింత లేచి వంటింటికి పోనక్కరలేదు. ఆహారమే ఆమె మంచం దగ్గరకు రావాలి. ఆ పళ్ళెం ఏర్పరచిన మర్యాద అది. తరువాతి శతాబ్దంలో ఈ మర్యాద మట్టిపాత్రలకు కూడ ఎక్కింది. 16వ శతాబ్దపు నడుమ చిప్రియానో పికోల్‌పాస్సో అనే ఆయన కుమ్మరిపనిని గురించి ఒక గ్రంథం వ్రాశాడు. బాలింతలకోసం చేసే పాత్రల వరుసను అందులో వర్ణించాడు. అడుగున రసం పోసే గిన్నె, దానిమీద మూతగా అమరే పళ్ళెం, దానిపై మరొక పాత్ర—ఈ విధంగా ఒకదానిమీద ఒకటి కుదురుగా నిలిచే అమరిక అది. రసం వేడి చల్లారకుండా మంచం దాకా చేరాలన్న ఆలోచన అందులో ఉన్నది. మన టిఫిను క్యారియరు గుర్తుకు రావడం లేదూ!

ఈ పురిటి పళ్ళేలలో ప్రసిద్ధమైనది ఒకటి న్యూయార్కు నగరంలోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నది. 1449 జనవరి 1వ తేదీన ఫ్లారెన్స్‌లో పియెరో దె మెదిచి భార్య లుక్రేజియా తొర్నబువోని ఒక మగబిడ్డను కన్నది. ఆ బిడ్డే తరువాత లోకప్రసిద్ధుడైన లొరెంజో. ఆ సందర్భానికై పియెరో చేయించిన పళ్ళెమిది. చట్రంతో కలిపి సుమారు మూడడుగుల వెడల్పు. చిత్రించినవాడు, మహాచిత్రకారుడు మసాచ్చో తమ్ముడు, లో స్కెజ్జా అని పిలువబడినవాడు. కీర్తిదేవత గోళంమీద నిలిచి ఉండగా చుట్టూ గుర్రపురౌతులు చేతులు చాచి ఆమెకు ప్రమాణం చేస్తున్న దృశ్యం ముందువైపు ఉన్నది. వెనుకవైపు మెదిచి వంశపు ఉంగరం, నిప్పుకోడి ఈకలు, పైన మెదిచి, తొర్నబువోని వంశచిహ్నాలు రెండూ ఉన్నవి.

అందం విషయంలో దీనికి సాటి చెప్పడం కష్టం. అయితే దీనిలో తల్లి ఎక్కడున్నది? ముందువైపున ఉన్నది పుట్టిన కొడుకు ముందుముందు సంపాదించబోయే కీర్తి. తల్లి అన్నది వెనుకవైపున ఒక పుట్టింటి చిహ్నంగా మాత్రమే మిగిలింది. 1492లో లొరెంజో మరణించిన తరువాత అతని ఆస్తిని జాబితా వ్రాశారు. ఆ పళ్ళెం అప్పుడు అతని సొంత గదిలోనే ఉన్నది. తల్లికి వడ్డించడానికి పుట్టిన వస్తువు కొడుకు గది గోడకు అలంకారమైపోయిందన్నమాట. మేము కొన్న వెండి గిన్నె కూడ ఈ దారినే నడిచిందని తలచుకొంటే మాకు కొంచెం సిగ్గు కలిగింది.

లుక్రేజియాకు జొవాన్ని తొర్నబువోని అని ఒక సోదరుడు ఉన్నాడు. మెదిచివారి బ్యాంకు వ్యవహారాలు రోములో చూచిన ధనికుడు. అతని భార్య ఫ్రాంచెస్కా పిత్తి 1477లో ప్రసవ సమయంలో మరణించింది. కొన్నేళ్ళ తరువాత, 1485లో, అతడు ఫ్లారెన్స్‌లోని సాంతా మరియా నొవెల్లా ఆలయంలో కుడ్యచిత్రాలు వేయడానికి దొమెనికో గిర్లాందాయో అనే చిత్రకారుణ్ణి నియమించాడు. ఆ పని 1490 దాకా సాగింది. ఈలోగా అతని కొడుకు లొరెంజో తొర్నబువోనికి 1486లో వివాహమైంది. కోడలు జొవాన్నా మరుసటి ఏడు ఒక మగబిడ్డను కన్నది. 1488లో, రెండవ కానుపు వేళ, ఆమె కూడ కన్నుమూసింది. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్ళు ఇంకా నిండలేదు. గిర్లాందాయో వేసిన ఆమె రూపచిత్రం నేడు మాడ్రిడ్ నగరంలోని థీసెన్-బోర్నెమీసా మ్యూజియంలో ఉన్నది.

ఒకే ఇంటిలో అత్తయూ, కోడలూ పురిటిలోనే పోయారు. ఆ ఇంటి యజమాని గీయించిన గోడలమీద బాప్తిస్మమిచ్చు యోహాను జననదృశ్యం ఒకటి ఉన్నది. యోహాను తల్లి ఎలిసబెత్తు మంచంమీద ఆనుకొని కూర్చున్నది. దాది బిడ్డకు పాలిస్తున్నది. పరిచారిక ఒకతె పళ్ళెంలో పానపాత్రలు తెస్తున్నది. కుడివైపునుండి మరొక యువతి, గాలికి ఎగిరే వస్త్రాలతో, తలమీద పండ్ల పళ్ళెం, చేతిలో ద్రాక్షాసవం పట్టుకొని, వడివడిగా లోపలికి వస్తున్నది. ఆ కుటుంబకథ తెలియకుండా చూస్తే ఇది పండుగ చిత్రం. తెలిసి చూస్తే ఆ యువతి నడకలోని తొందరకు మరొక అర్థం స్ఫురిస్తుంది. బాలింతకు తెచ్చే పళ్ళెం మర్యాదకొరకు తెచ్చేది కాదు. ఆమె ప్రాణం నిలవాలని తెచ్చేది.

అయితే కోడిరసం బలమిస్తుంది గాని, రక్తస్రావాన్ని ఆపలేదు, సూతికాజ్వరాన్ని మాన్పలేదు. ఆ జ్వరాన్ని వైద్యుల చేతులే ఒకరినుండి మరొకరికి మోసుకొనిపోతున్నవని, క్లోరిన్ నీటితో చేతులు కడుక్కొంటే మరణాలు తగ్గుతాయని వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు చూపినది 1847లో. పళ్ళెం బాలింత దగ్గరకు వచ్చింది సరే. వైద్యం ఆమె దగ్గరకు రావడం ఎట్లా? ఈ ప్రశ్నకు కానుక రూపంలోనే సమాధానం చెప్పిన దేశం ఒకటి ఉన్నది. అది ఐరోపా ఉత్తరపు కొసన ఉన్న ఫిన్లండు.

1930లలో ఫిన్లండు పేదదేశం. పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలోను సుమారు 65 మంది ఏడాది నిండకముందే మరణించేవారు. 1937లో అక్కడి ప్రభుత్వం ప్రసూతి సహాయ చట్టం చేసి, 1938నుండి అమలులో పెట్టింది. మొదట తక్కువ ఆదాయం గల తల్లులకే ఆ సహాయం అందేది. 1949నుండి ఆదాయంతో నిమిత్తం లేకుండ తల్లులందరికీ వర్తింపజేశారు. అప్పుడే ఒక నియమం కూడ చేర్చారు: గర్భం నాలుగవ నెల ముగిసేలోగా వైద్యపరీక్ష చేయించుకొన్న స్త్రీకే ఆ కానుక లభిస్తుంది. కానుక ఒక పెట్టె. అందులో బిడ్డకు బట్టలు, దుప్పట్లు ఉండేవి. పెట్టె అడుగున పరుపు వేస్తే అదే బిడ్డకు తొలి పడక. యుద్ధకాలంలో గుడ్డ కరువై కొన్ని వస్తువులు కాగితంతో చేసి ఇచ్చారే గాని, ఇవ్వడం మానలేదు.

పైకి చూస్తే ఆ పెట్టెలో ఉన్నవి అధికభాగం బిడ్డ వస్తువులే. కాని దాని అసలు విలువ పెట్టె లోపల లేదు. దానిని అందుకొనే దారిలో ఉన్నది. పెట్టెకోసం స్త్రీ వైద్యశాల గడప తొక్కింది. పెట్టెకు మునుపే నర్సు ఆమెను చూచింది. శిశుమరణాలు తగ్గడానికి పెట్టె ఒక్కటే కారణమనడం సరికాదు. మంత్రసానుల శిక్షణ, తల్లిబిడ్డల కేంద్రాలు, మంచి ఆహారం అన్నీ కలిసి ఆ పని చేశాయి. కాని తల్లిని వీటన్నిటి దగ్గరకు చేర్చిన చేయి ఆ కానుకది. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో ప్రారంభించిన కిట్ పథకంలోను ఈ ఆలోచనయే కనబడుతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవించిన తల్లికి పదహారు వస్తువుల సంచి, విడతలవారీగా 12,000 రూపాయలు, ఆడబిడ్డ పుడితే 13,000 రూపాయలు ఇవ్వడం ఆనాటి ఏర్పాటు. ఆ సంచిలో తల్లికి చీరలు కూడ చేర్చారు.

ఇక మన ఇళ్ళ సంగతి. ఫ్లారెన్స్ పళ్ళెం గొప్పదే గాని, మన పెద్దలు ఈ విషయంలో ఎవరికీ తీసిపోలేదు. తొలికాన్పు పుట్టింట జరగాలన్నారు. అంటే అత్తవారింటి పనినుండి ఆమెకు విడుదల. శొంఠి, పిప్పళ్ళు, మిరియాలు, వాము దంచి బెల్లంతో, నేతితో కాయం ముద్దలు చేసి పెట్టారు. నువ్వులనూనె మర్దన, వేడినీళ్ళ స్నానం, నడికట్టు, సాంబ్రాణి—ఒక్కొక్కదానికీ మరొక స్త్రీ చేయి కావాలి. ఇరవై ఒకటవనాడు బాలింతచేత నూతిలో చేద వేయించే వేడుక అనేక ఇళ్ళలో ఉండేది. అది అంతకుముందు వరకు ఆమె నీళ్ళు తోడనక్కరలేదన్న కట్టుబాటుకు గుర్తు. విశ్రాంతిని ఆచారంలో ముడివేసిన ఆ తెలివి మెచ్చుకోదగినది.

అన్నీ మెచ్చుకోదగినవని కూడ మేము అనము. బాలింతకు మంచినీళ్ళు చేటని గుక్కెడు నీళ్ళకు ఆమెను ఏడిపించిన ఇళ్ళున్నవి. పథ్యం పేరుతో పప్పూ, కూరలూ, పండ్లూ మాన్పించి ఎండగట్టిన ఇళ్ళున్నవి. పాలిచ్చే తల్లికి నీరూ, పుష్టికరమైన ఆహారమూ సమృద్ధిగా కావాలన్నది నేటి వైద్యుల మాట. ప్రసవమైన తరువాత ఆరునెలలు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు వాడాలని మన దేశపు ఆరోగ్యశాఖ చెపుతున్నది. ఇంటికి వచ్చిన తరువాత కూడ ఆరువారాలలోగా కనీసం మూడుసార్లు తల్లిబిడ్డలను ఆరోగ్యకార్యకర్త చూడాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో సూచించింది.

కాబట్టి పురిటింటికి వెళ్ళేవారు తమను తాము అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ కానుక ఆమె చేయవలసిన పనిని తగ్గిస్తుందా, పెంచుతుందా? మూతపెట్టిన గిన్నెలో వేడి పులుసు, పప్పన్నం తగ్గిస్తాయి. మెత్తని పాత నూలుచీరలు ఉతికి మడతపెట్టి ఇస్తే తగ్గిస్తాయి. పెద్దబిడ్డను ఒక పూట ఆడించడానికి తీసుకొనిపోతే, బాలింతకు రెండు గంటల నిద్ర దొరుకుతుంది. అంతకుమించిన కానుక బజారులో దొరకదు. జ్వరమో, అధిక రక్తస్రావమో కనిపించినపుడు “ఇది మామూలే” అనక, వెంటనే బండి కట్టించి ఆసుపత్రికి చేర్చే మనిషి మరింత గొప్ప కానుక. మాటలు లేక, ముఖం వాల్చి, ఊరికే కంట తడిపెట్టే తల్లిని “బిడ్డ బాగున్నది కదా” అని కసరక, పక్కన కూర్చొని వినడమూ, అది తగ్గకుంటే వైద్యునికి చూపడమూ అటువంటివే. గంటల తరబడి కూర్చొని, ఆమెచేత కాఫీ పెట్టించుకొని వచ్చేవారి వెండి గిన్నెకన్న ఇవన్నీ విలువైనవి.

మేము ఆ ఇంటికి మరొకసారి వెళ్ళాము. ఈసారి అందరమూ కలిసి వెళ్ళలేదు. వంతులు వేసుకొని, రోజుకొకరి ఇంటినుండి మధ్యాహ్నపు క్యారియరు పది రోజులు పంపాము. పదకొండవనాడు మా సహోద్యోగి ఖాళీ గిన్నెలు తెచ్చి బల్లమీద పెడుతూ, “నిన్న మా అమ్మాయి అన్నం రెండవసారి అడిగి వేయించుకొన్నది,” అన్నారు. మేమిచ్చిన వెండి గిన్నెను గురించి ఆయన ఏమీ అనలేదు.