పొర మీద పొర పెడితే పేటెంట్ ఇస్తారా? రావు తుమ్మల గారి రాగి తీగల కథ

అనంతపురం నుంచి మాట్లాడుతున్నాను.

మన ఇంజనీరింగ్ కాలేజీల పిల్లలు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, నా ప్రాజెక్టులో వాడినవన్నీ బజార్లో దొరికేవే. కొత్త పార్టు ఒక్కటీ లేదు. మరి దీనికి పేటెంట్ వస్తుందా?" ఇంకొంతమంది దీనికి పూర్తిగా రివర్స్. "రెండు పాతవి కలిపినానన్నా, ఇంతవరకు ఎవరూ కలపలేదు. కాబట్టి పేటెంట్ గ్యారంటీ."

ఇద్దరి లెక్కా తప్పే. ఎందుకు తప్పో అర్థం కావాలంటే ఒక తలుపు పిడి గురించి, ఒక కంప్యూటర్ పలక గురించి తెలుసుకోవాలి. ఆ పలక వెనక ఒక తెలుగాయన ఉన్నారు. అందుకే ఈ ఎపిసోడ్.

ముందు తలుపు పిడి

1851. అమెరికా సుప్రీంకోర్టులో హాచ్‌కిస్ వర్సెస్ గ్రీన్‌వుడ్ అని ఒక కేసు. గొడవ దేని మీదంటే, తలుపుకు పెట్టే గుండ్రటి పిడి మీద. అప్పటిదాకా చెక్కతో, లోహంతో చేసేవాళ్లు. వీళ్లు మట్టితో, పింగాణీతో చేసి పేటెంట్ తీసుకున్నారు. పిడిని ఇనుప కడ్డీకి బిగించే పద్ధతి పాతదే. పింగాణీ కూడా పాతదే. మారింది పదార్థం ఒక్కటే.

కోర్టు ఏమందంటే, ఇది మంచి పనివాడి నైపుణ్యమే గానీ ఇన్వెన్షన్ కాదు అంది. మామూలు మెకానిక్‌కు తట్టే దానికంటే ఎక్కువ ఏదో ఉండాలి అంది. "కొత్తది అయితే చాలదు, ఎవరికైనా తట్టేది కాకూడదు" అనే ఆలోచన కోర్టుల్లో గట్టిపడింది ఇక్కడినుంచే. 1952లో అమెరికా దీన్ని చట్టంలోనే రాసుకుంది. ఇంగ్లీషు మాట ఆబ్వియస్. మన భాషలో చెప్పాలంటే "ఇందులో ఏముంది, నేనైనా చేస్తాను" అనిపించేది.

ఈ పిడిని గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే ఇప్పుడు చెప్పబోయే కథ కూడా, పైపైన చూస్తే, పదార్థం మార్చిన కథే.

33 పొరల పలక

మీ చేతిలో ఫోన్ ఉంది కదా. దాని లోపల బియ్యపు గింజ కంటే చిన్నవి, సిరామిక్ కెపాసిటర్లు, వందల సంఖ్యలో ఉంటాయి. ఒక్కోదాంట్లో సిరామిక్ పొర, లోహం పొర, మళ్లీ సిరామిక్, మళ్లీ లోహం. సిగ్నల్ ఫిల్టర్లలో కూడా కొన్ని ఇలా పొరల మీద పొరలే.

ఈ పొరలు ఎట్లా చేస్తారో చూద్దాం. సిరామిక్ పొడిని జిగురులాంటి ప్లాస్టిక్ బైండర్‌తో కలిపి పిండి చేస్తారు. దాన్ని పలచగా పరిచి ఆరబెడితే అప్పడంలాంటి షీటు వస్తుంది. దానికి సన్నటి రంధ్రాలు కొడతారు. లోహపు పేస్టుతో ఆ రంధ్రాలు నింపి, పైన తీగల్లాగా గీతలు అచ్చు వేస్తారు. అలాంటి షీట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి, నొక్కి, బట్టీలో కాలుస్తారు. బయటికి వచ్చేది ఒకే గట్టి పలక. లోపలంతా వైరింగే.

1980లో ఐబీఎం తన 3081 కంప్యూటర్ కోసం ఇలాంటి పలక తయారుచేసింది. 33 పొరలు, ఒక్క పలక మీద వందకు పైగా చిప్పులు. ఆ రోజుల్లో అది అద్భుతం. కానీ ఒక చిక్కుంది. ఆ సిరామిక్ అల్యూమినా. అది గట్టిపడాలంటే 1,500 డిగ్రీల పైన కాల్చాలి. రాగి సుమారు 1,085 డిగ్రీలకే కరిగిపోతుంది. అంటే లోపల రాగి తీగ పెట్టలేం. అందుకని మాలిబ్డినం వాడారు. అది కరగదు, నిజమే. కానీ కరెంటుకు దాని అడ్డు రాగికంటే సుమారు మూడు రెట్లు ఎక్కువ. పైగా అల్యూమినాలో సిగ్నల్ నెమ్మదిగా పోతుంది.

అప్పుడు ఐబీఎంలో ఈ పని మీద కూర్చున్నవాళ్లలో ఒకాయన రావు తుమ్మల. ఇంటిపేరు వింటేనే తెలుగాయన అని అర్థమవుతుంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చదివి, అమెరికాలో ఇలినాయ్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు. తర్వాత ఐబీఎం ఫెలో అయ్యారు. 1993లో జార్జియా టెక్‌కు ప్రొఫెసర్‌గా వెళ్లారు.

రాగి వద్దన్న బట్టీ

ఆలోచన వినడానికి సులువు. అల్యూమినా తీసేసి, 1,000 డిగ్రీల లోపే గట్టిపడే పదార్థం పెడితే రాగి వాడుకోవచ్చు కదా? అలాంటి పదార్థం ఉంది, దాని పేరు గ్లాస్ సిరామిక్. గాజులా మెత్తబడి, తర్వాత స్ఫటికంగా మారి గట్టిపడుతుంది. అది అప్పటికే లోకానికి తెలిసిన పదార్థం. రాగి అయితే తాతల కాలం నాటిది. పొరలు పేర్చే పద్ధతి పాతదే. మరి ఇందులో కొత్త ఏముంది?

ఇక్కడే అసలు కథ. ఆ బైండర్ ఉంది కదా, ప్లాస్టిక్ జిగురు. దాన్ని కాల్చేయాలి. లేకపోతే నల్లటి కార్బన్ మిగిలి సిరామిక్ చెడిపోతుంది. కాల్చాలంటే ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ ఇస్తే రాగి తుప్పు పట్టి, ఉబ్బి, పలక పగులుతుంది. ఆక్సిజన్ ఆపితే కార్బన్ పోదు. పోనీ వేడి పెంచుదామా అంటే, కార్బన్ బయటికి రాకముందే గాజు మెత్తబడి రంధ్రాలు మూసుకుపోతాయి. కార్బన్ లోపలే ఇరుక్కుంటుంది. ముందుకు పోతే గొయ్యి, వెనక్కి వస్తే నుయ్యి.

లెస్టర్ హెరాన్, రాజ్ మాస్టర్, రావు తుమ్మల ముగ్గురి పేర్ల మీద 1980లో వచ్చిన అమెరికా పేటెంట్ 4234367 ఈ చిక్కు గురించే. వాళ్లు బట్టీలోకి గాలికి బదులు నీటి ఆవిరి పంపారు. అందులో చాలా కొద్దిగా హైడ్రోజన్ కలిపారు. ఏడు వందల పైచిలుకు డిగ్రీల దగ్గర, ఆ నిష్పత్తి సరిగ్గా కుదిరితే, ఆవిరిలోని ఆక్సిజన్ కార్బన్‌ను పట్టుకుపోతుంది గానీ రాగి జోలికి పోదు. కార్బన్ పోయాక ఆవిరి ఆపి, నైట్రోజన్‌లాంటి వాయువు పెట్టి, వేడి పెంచి గాజును గట్టిపరుస్తారు.

దీనికి సరిపోయే గాజు ఏదో చెప్పే పేటెంట్ 4301324. అది 1981లో వచ్చింది. ఆనంద కుమార్, పీటర్ మెక్‌మిలన్, తుమ్మల, ముగ్గురి పేర్లూ ఉన్నాయి. ఆ గాజు కార్బన్ పోయేదాకా రంధ్రాలు తెరిచే ఉంచాలి. రాగి కరిగేలోపు మూసుకోవాలి. చిప్పులోని సిలికాన్ వేడికి ఎంత సాగుతుందో దాదాపు అంతే సాగాలి. సిగ్నల్‌ను అల్యూమినా కంటే వేగంగా పోనివ్వాలి. ఇన్ని షరతులు, ఒక్క గాజు.

పేటెంట్లు వచ్చినా మెషీన్‌లోకి ఎక్కడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 1990లో ఐబీఎం ఈఎస్ 9000 కంప్యూటర్లలో 63 పొరల గ్లాస్ సిరామిక్ పలక వచ్చింది. లోపలంతా రాగి.

ఎగ్జామినర్ కుర్చీలో మీరు

ఇప్పుడు ఆ ఫైలు మీ టేబుల్ మీద ఉందనుకోండి. మీరే ఎగ్జామినర్. గాజు తెలిసిందే, రాగి తెలిసిందే, పొరలు తెలిసినవే, ఆవిరి కార్బన్‌ను తింటుందని కూడా కెమిస్ట్రీ పుస్తకంలో ఉంది. తలుపు పిడి లాగే కొట్టేయాలా?

నేనైతే ఒకటే తేడా చూస్తాను. తలుపు పిడిలో పింగాణీ పెట్టినా కడ్డీ మారలేదు, బిగించే పద్ధతి మారలేదు. దేని పని అది చేసుకుంటూ పోయింది. ఇక్కడ అట్లా కాదు. రాగి పెట్టగానే సిరామిక్ మారాలి. సిరామిక్ మారగానే బట్టీ గాలి మారాలి. గాలి మారగానే గాజు మెత్తబడే వేడి మారాలి. ఒక పొరను కదిలిస్తే అన్ని పొరలూ కదులుతున్నాయి. విడివిడిగా అన్నీ పాతవే, కానీ అవన్నీ ఇట్లా కుదురుతాయని ముందే చెప్పగల మామూలు పనివాడు ఎవరు?

1966లో అమెరికా సుప్రీంకోర్టు ఆడమ్స్ బ్యాటరీ కేసులో ఇలాంటి మాటే అంది. మెగ్నీషియం, క్యుప్రస్ క్లోరైడ్, మామూలు నీళ్లు. అన్నీ తెలిసినవే. కానీ ఆ కాలం నిపుణులు ఇది పనికిరాదన్నారు. తర్వాత ప్రభుత్వమే ఆయనకు చెప్పకుండా వాడుకుంది. కోర్టుకు వెళ్లాక, అది ఎవరికైనా తట్టేదే అని వాదించింది. కోర్టు ఒప్పుకోలేదు. నిపుణులే కాదన్నది ఆబ్వియస్ ఎట్లా అవుతుంది?

దీంట్లో ఉన్న ప్రమాదం మన అనంతపురం వాళ్లకు చెప్పనక్కర్లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే నేల మనది, అడుగున గట్టి బండ. బోరు వేయించేముందు ఊర్లో ఎవరినడిగినా "ఏమో, పడొచ్చు, పడకపోవచ్చు" అంటారు. టెంకాయ పట్టుకుని పాయింట్ చూసేవాళ్లను పిలుస్తాం, జియాలజిస్టును పిలుస్తాం, అయినా గుండె దడే. తీరా నీళ్లు పడ్డాయనుకోండి, అదే మనుషులు "ఆడ నీళ్లుంటాయని నాకు ముందే తెలుసప్పా" అంటారు. పేటెంట్ ఎగ్జామినర్‌కు ఉన్న పెద్ద శత్రువు ఇదే, జరిగాక వచ్చే తెలివి. జవాబు చేతిలో పెట్టుకుని లెక్క చూస్తే ప్రతి లెక్కా సులువే. అందుకే దరఖాస్తు వేసిన తేదీ దగ్గరికి వెళ్లి నిలబడి, ఆ రోజు తెలిసినదాన్ని బట్టి మాత్రమే చూడాలి.

అలాగని ప్రతి కలయికకూ పేటెంట్ ఇవ్వమని కాదు. 2007లో కేఎస్ఆర్ కేసులో అదే అమెరికా కోర్టు రెండో వైపు చెప్పింది. కారు పెడల్‌కు ఎలక్ట్రానిక్ సెన్సర్ తగిలించడం ఆ రంగంలో అందరూ వెళ్తున్న దారే, మామూలు ఇంజనీరుకూ కొంత బుర్ర ఉంటుంది, కాబట్టి అది ఆబ్వియస్ అంది.

మన చట్టం ఏమంటుంది

మన దేశంలో ముఖ్యమైన తీర్పు 1978లో వచ్చింది. బిశ్వనాథ్ ప్రసాద్ వర్సెస్ హిందుస్తాన్ మెటల్ ఇండస్ట్రీస్. మీర్జాపూర్ ఇత్తడి పాత్రల వాళ్ల గొడవ. లేత్ మీద పాత్రను పట్టి ఉంచే పద్ధతి మీద పేటెంట్. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఇది వర్క్‌షాపులో జరిగే చిన్న మెరుగుదలే, ఇన్వెన్షన్ కాదు అంది.

ఇప్పుడు పేటెంట్ల చట్టంలో సెక్షన్ 2(1)(జేఏ) ఉంది. ఉన్న పరిజ్ఞానం కంటే సాంకేతికంగా ముందడుగు ఉండాలి, లేదా ఆర్థిక ప్రాధాన్యం ఉండాలి, లేదా రెండూ ఉండాలి. దాంతోపాటు ఆ పని తెలిసిన మనిషికి తట్టేది అయి ఉండకూడదు. సెక్షన్ 3(ఎఫ్) ఇంకా సూటిగా చెబుతుంది. తెలిసిన పరికరాలను పక్కపక్కన పేర్చి, ఒక్కోటి తన పాత పనే విడిగా చేసుకుంటుంటే, అది ఇన్వెన్షన్ కాదు.

ఆ పిల్లలకు నా జవాబు కూడా ఇదే. సోలార్ ప్యానెల్, మోటారు, సెన్సర్, ఫోన్ యాప్ కలిపి పొలానికి నీళ్లు పెట్టే పరికరం చేశారనుకోండి. ఒక్కోటి తన పని తాను చేసుకుంటుంటే కష్టం. కానీ వాటిని కలపబోతే ఒక చిక్కు వచ్చి, ఆ చిక్కును మీరు ఎవరూ ఊహించని దారిలో విప్పి ఉంటే, మీ పేటెంట్ ఆ విప్పిన చోట ఉంది. పార్టుల లిస్టులో వెతకొద్దు. ఏది ఎందుకు ఫెయిలయ్యిందో తేదీలతో సహా నోట్‌బుక్‌లో రాసిపెట్టుకోండి. ఆబ్వియస్ కాదని చెప్పడానికి ఆ ఫెయిల్యూర్లే బాగా పనికొస్తాయి.

ఇంకొక్క మాట. "పేటెంట్ పబ్లిష్ అయింది" అని స్టేటస్ పెట్టేస్తుంటారు. దరఖాస్తు వేసిన 18 నెలలకు మామూలుగా అదే పబ్లిష్ అవుతుంది. దానికి పరీక్ష ఏమీ లేదు. అసలు పరీక్ష మొదలవ్వాలంటే మీరు విడిగా అడగాలి. 2024 నుంచి దానికి గడువు 31 నెలలు. అడగకపోతే దరఖాస్తు అక్కడితో సరి. మన రాష్ట్రం దరఖాస్తులు చూసేది చెన్నై ఆఫీసు. పబ్లిష్ వేరు, గ్రాంట్ వేరు. కాలేజీ ఫ్లెక్సీలో ఫొటో వేసేముందు ఏదో చూసుకోండి.

మీ ప్రాజెక్టులో ఏ పొరను మారిస్తే మిగతావన్నీ మార్చాల్సి వచ్చిందో కామెంట్‌లో రాయండి. నేను చదువుతాను. ఉంటాను మరి.