తటాకాంగములు, కొల్లేటి దోషములు

కడప మండలమునందలి పోరుమామిళ్ళలో భైరవాలయము ముందరనున్న శాసనము మన శాసన వాఙ్మయమున విలక్షణమైనది. దానధర్మములను, వంశావళిని చెప్పు శాసనములు మనకు వేలకొలది కలవు. చెరువన నెట్లుండవలెనో, ఎట్లుండరాదో శాస్త్రరీతిని చెప్పునవి మిక్కిలి అరుదు. విజయనగర ప్రభువగు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు, నామాంతరమున భవదూరుడు, ఉదయగిరి నుండి పాలించుచు కట్టించిన అనంతరాజసాగరమునకు సంబంధించినది ఈ శాసనము. కాలము శకవర్షము 1291, అనగా క్రీ. శ. 1369. భాష సంస్కృతము. దినమునకు 1000 మంది కూలివారు, రాతిపనికై 100 బండ్లు, 2 సంవత్సరములు శ్రమించినట్లు ఇందు లెక్క చెప్పబడినది. సుక్తంకరు పండితుడు దీనిని ఎపిగ్రాఫియా ఇండికాలో పరిష్కరించి ప్రకటించిన నాటినుండి ఇది నిర్మాణశాస్త్ర దృష్టితోనే విశేషముగా చదువబడుచు వచ్చినది. మేము దీనిని వేరొక ప్రయోజనమునకై చదువ దలచితిమి.

శాసనము తటాకమునకు 12 అంగములను, 6 దోషములను చెప్పుచున్నది. అంగముల నన్నింటిని ఏకరువు పెట్టుట మా ఉద్దేశము కాదు. వాని కూర్పు మాత్రము గమనింపదగినది. మొదటి అంగము ధర్మపరుడును, ధనవంతుడును, కీర్తికాముడునగు రాజు. రెండవది జలశాస్త్రము నెరిగిన బ్రాహ్మణుడు. కడపటిది పనిలో ఆరితేరిన కూలివారి సమూహము. ఈ మువ్వురి నడుమ గట్టి బంకనేల, తీయని నీటిని తెచ్చు నది, కట్టకు ఇరువైపుల ఆనికయగు కొండలు, విశాలమును లోతును గల గర్భము, పొడవైన రాళ్ళు దొరకు గని, చదునుగా నుండి ఫలించు పొలములు మొదలైనవి చెప్పబడినవి. అనగా మనుష్యుడు ఇచట చెరువునకు కర్తగా బయట నిలువలేదు. మన్ను ఒక అంగమైనట్లే, నది ఒక అంగమైనట్లే, ఆతడును ఒక అంగమైనాడు. కావ్యములలో చెరువు సప్తసంతానములలో నొకటి, కట్టించినవాని పుణ్యమునకు గుర్తు. ఈ శాసనకర్తయు కీర్తిని మరువలేదు గాని, రాజును అంగముల పట్టికలో చేర్చుటతో ఆతని స్థానమును కొంత మార్చినాడనియే చెప్పవలెను.

సరస్సును తనలో తాను నడచు ఒక చిన్న లోకముగా చూడవలెనని అమెరికాలో స్టీఫెన్ ఫోర్బ్స్ 1887లో ప్రతిపాదించెను. ఆంగ్లేయుడగు టాన్స్‌లీ 1935లో ‘ఎకోసిస్టమ్’ అను పదమును అచ్చున కెక్కించెను. మన పాఠ్యగ్రంథములు దానిని ఆవరణ వ్యవస్థ అనుచున్నవి. మనుష్యుడు మార్చినవియు, నిర్మించినవియు ఈ పేరు క్రిందనే చేరవలెనని ఆ వ్యాసముననే ఆతడు వాదించెను. 1942లో లిండెమన్ మిన్నిసోటాలోని ఒక చిన్న సరస్సును పరిశీలించి, సూర్యునినుండి వచ్చిన శక్తి నాచునుండి పురుగులకు, పురుగులనుండి చేపలకు పోవునపుడు మెట్టుమెట్టునకు ఎంత తరిగిపోవునో లెక్కగట్టెను. ఈ విషయము లన్నియు మన పూర్వులకు ముందే తెలియునను వాదముతో మాకు పని లేదు. పోరుమామిళ్ళ శాసనకర్తకు శక్తి లెక్కలు తెలియవు. ఆతనికి తెలిసినది చెరువు చెడు విధము. చెడు విధము నెరిగినవాడు అది నడచు విధమునుగూడ కొంత ఎరిగియే యుండును.

చెరువు నడక ఒక సంవత్సరపు నడక. తొలకరి వానలకు పరీవాహమునుండి ఒండ్రు, ఎండుటాకు, పశువుల పేడ కలిసిన ఎఱ్ఱనీరు దిగును. కొన్నాళ్ళకు ఒండ్రు అడుగునకు చేరి నీరు తేటపడగా వెలుతురు లోపలికి చొచ్చును, నాచు పెరుగును, దానిని తిను కంటికానని జీవులు, వానిని తిను చేపపిల్లలు, చేపలకై కొంగలు వరుసగా వచ్చును. అధికమైన నీరు కలుజు మీదుగా క్రింది చెరువునకు పోవును. (కలుజు, అలుగు, మత్తడి యని ప్రాంతమునకొక పేరు గల ఈ భాగము పదచరిత్ర ప్రత్యేక వ్యాసమునకు తగినది.) తూము తెఱచి నీరటికాడు పొలములకు వంతుల ప్రకారము నీరు వదలును. పంట కోతలైన పిమ్మట నీరు తగ్గి, వేసవికి గర్భము బీటలు వాఱును. ఇది చెరువునకు మరణము కాదు, ఊపిరి తీసికొను కాలము. కుళ్ళిన అడుసునకు గాలి సోకి, అందు చిక్కుకొన్న సారము మరల మొక్కలకు అందునదిగా మాఱును. పశువులు గర్భమున మేయును. రైతులు బండ్లతో ఒండ్రును పొలములకు తోలుకొందురు. ఈ కడపటి పని వలన రెండు ప్రయోజనములు: పొలము నుండి ధాన్యరూపమున పోయిన సారము కొంత తిరిగి వచ్చును, చెరువునకు లోతు మిగులును.

ఈ మట్టితోలకము నిలిచినచో ఏమగును? గర్భము మెట్టపడును. జమ్ము, తుంగ ముందునకు జరుగును. కట్టపై మొలచిన మఱ్ఱి వేళ్ళు రాళ్ళ నెడలించును. తరములు గడచునప్పటికి చెరువు బాడవయై, బాడవ బీడగును. స్వభావసిద్ధమైన సరస్సులకును తుదకు పట్టు గతి ఇదియే. అచట వేలయేండ్లు పట్టును, ఇచట తరములు చాలును. కావున కృత్రిమ వ్యవస్థ యనగా ప్రకృతి నియమములకు వెలియైనది కాదు. అందు ఒక అంగము జీతము, మాన్యము తీసికొని పనిచేయునది, అంతియే భేదము. చెరువుల బాగుసేతకై విడిచిన దశబంధ మాన్యములు ఆంగ్లేయుల నాటి ఇనాము లెక్కలలో సైతము కానవచ్చును. వానిని ధర్మకార్యములుగా మాత్రమే చరిత్రకారులు లెక్కించుట సరికాదని మా అభిప్రాయము. నదినుండి వచ్చు నీటివలెనే అవియు చెరువునకు ఆహారమే.

ఇక దోషములు. కట్టనుండి నీరూరుట, చవుడు నేల, రెండు రాజ్యముల ఎల్లపై నుండుట, గర్భము నడుమ తాబేటి వీపువలె మెట్టయుండుట, నీరు కొంచెమై పొలము హెచ్చగుట, నేల కొంచెమై నీరు హెచ్చగుట: ఈ ఆరింటిని చేతబట్టుకొని కొల్లేటి గట్టున నిలిచినచో చిత్రమైన విషయము తోచును. కొల్లేటికి కట్టయే లేదు గనుక మొదటిది వర్తింపదు. ఉప్పుటేటి ద్వారమున సముద్రపు పోటు ఉప్పునీటిని లోనికి త్రోయును. 2022లో ఏలూరు జిల్లా ఏర్పడువరకు కొల్లేరు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల ఎల్లపై నుండెను. నడుమ తాబేటి వీపు ఒకటి కాదు, ఎన్నియో లంకగ్రామములు కలవు. బుడమేరు, తమ్మిలేరు పొంగినపుడు నీటికి నేల చాలదు. శాస్త్రజ్ఞుడగు ఆ బ్రాహ్మణుడు కొల్లేటిని చూచియుండినచో చెరువునకు పనికిరాని చోటని త్రోసిపుచ్చియుండును.

అయినను అది నిలిచినది. రెండవ పులకేశి ఐహోళె ప్రశస్తి, శకవర్షము 556 నాటిది, యుద్ధమున నెత్తుటితో రంగుమాఱినట్లు వర్ణించిన కునాల జలము కొల్లేరేయని పండితులు నిర్ణయించిరి. మధ్యయుగమున కొలను మండలీకులకు పేరునిచ్చినదియు ఇదియే. చెరువునకు దోషములైనవి కొల్లేటికి బలములగుట ఇందలి రహస్యము. లోతు లేకుండుట వలన వఱదనీరు పైకి లేవక ప్రక్కలకు వ్యాపించును. ఒండ్రును, మలినమును తుంగకు, జమ్మునకు వదలి మెల్లగా ఉప్పుటేట దిగును. మెట్టలు, పల్లములు ఉండుటచే లోతు కోరు చేపకును, ఒడ్డు కోరు కొంగకును చోటు దొరకును. తీపి, ఉప్పు నీళ్ళు కలియుటచే రెండు విధముల జీవులును వచ్చును. చెరువు ఒక పనికై కుదించిన వ్యవస్థ. దాని అంగములు ఖచ్చితముగా నుండవలెను. కొల్లేటికి పని యొకటి అని లేదు, ఖచ్చితమైన ఎల్లయు లేదు. ఎల్ల ఋతువుతో జరుగుటయే దాని నడక.

ఆ ఎల్లను నిలుపబూనుటతోనే చిక్కు మొదలైనది. ధవళేశ్వరమున 1852లోను, బెజవాడలో 1855లోను ఆనకట్టలు పూర్తియైన పిమ్మట డెల్టా కాలువల మురుగు కొల్లేట పడసాగెను. ఆనాటినుండియే అది కేవలము స్వభావసిద్ధము కాదని చెప్పవలసియున్నది. 20వ శతాబ్ది చివరి దశకములలో సరస్సు గర్భముననే గట్లు పోసి చేపల చెరువులు త్రవ్విరి. 1999లో 5 అడుగుల కాంటూరు వఱకు 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యముగా ప్రకటింపబడెను. 2002లో రామ్‌సార్ పట్టికలో చేరెను. 2006లో గట్లను కొట్టివేసిరి. కొన్ని మరల లేచినవి. ఈ చేపల చెరువు పాతకాలపు చెరువువంటిది కాదు. మేత బయటినుండి తవుడు, పిండి రూపమున వచ్చును; ఒకటి రెండు జాతుల చేపలే మిగులును; ఒక గట్టులోని మలినము పొరుగు గట్టు వాకిట పడును. లంకలవారి బ్రతుకు దీనితో ముడిపడియున్నదను మాటయు నిజమే. దానిని విస్మరించి చేయు విమర్శ న్యాయము కాజాలదు.

దీనికి సరిగా ఎదురైన చరిత్ర ఓరుగల్లు ప్రాంతపు పాకాలది. గణపతిదేవుని కాలమున, 13వ శతాబ్దిలో, కొండల నడుమ కట్ట వేసి నిలిపిన చెరువది, అచ్చముగా మానవకృతము. పరీవాహమున అడవి నిలిచియుండుటచే 1952లో ఆ ప్రాంతము అభయారణ్యమైనది. మనుష్యుడు కట్టినది అడవిలో కలిసినది. ప్రకృతి పోసినది గట్లచే ముక్కలైనది. కృత్రిమము, సహజము అను విభాగమును పుట్టుకను బట్టి చేయుట చాలదనుటకు ఈ రెండును చాలును. ఏ అంగము ఏ పనిచేయుచున్నది, అది మానినచో ఆ పని ఎవరిమీద పడునని అడుగుట సమంజసము.

తెలంగాణమున 2015లో మొదలైన మిషన్ కాకతీయలో ఒండ్రు తీసి పొలములకు తోలుట కార్యక్రమములో నొక భాగముగా నుండెను. పూర్వము ఆ పని ఏ పంపకము ప్రకారము జరిగెడిదో, నీరటి మాన్యములెట్లు నడచెనో శాసనములలో పొడిగా మాత్రమే దొరకును. మెకంజీ సేకరింపించిన కైఫీయతులలో చెరువుల ప్రస్తావనలు విరివిగా కలవు. వానిని కట్టించినవారి పేర్లకై వెదకినవారు పలువురు. తూము తెఱచినదెవరు, మట్టి తీసినదెవరు, మానినపుడు ఆ ఊరేమైనదను ప్రశ్నలతో గ్రామగ్రామమునకు చదువుట పరిశోధక విద్యార్థులు చేపట్టదగిన పని.