రెండు కీమోల నడుమ: నర్సీపట్నం రోగి మాట నడిచిన దారి

రొమ్ము క్యాన్సర్‌కు ఇచ్చే కీమోథెరపీ, అంటే వేగంగా విభజన చెందే కణాలను చంపే మందులను నరంలోకి ఎక్కించే చికిత్స, ఆసుపత్రిలో జరిగేది కొన్ని గంటలే గాని, దాని బాధ మాత్రం ఆ తరువాత ఇంట్లో రోజుల తరబడి సాగుతుంది. ఒక విడత మందుకు, మరో విడతకు మధ్య సాధారణంగా మూడు వారాల ఎడం ఉంటుంది. దీనినే ఆసుపత్రి వాడుకలో సైకిల్ అంటారు. ఈ మూడు వారాలలో వాంతులు, నోటి పుండ్లు, విరేచనాలు, చేతులు కాళ్ళ తిమ్మిర్లు, అన్నిటికన్నా ప్రమాదకరమైన జ్వరం వచ్చి పోతుంటాయి. విశాఖపట్నానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, తూర్పు కనుమల పాదాన ఉన్న నర్సీపట్నం వంటి పట్టణంలో ఈ బాధలు వైద్యుడి చెవిన పడడానికి ఏ కాలంలో ఏ దారి ఉండేదో పరిశీలిస్తే, నేడు మొబైల్ యాప్ చేస్తానంటున్న పని ఎంత పాతదో, అందులో ఏది నిజంగా కొత్తదో తేలుతుంది.

బ్రిటిష్ కాలంలో గొలుగొండ తాలూకాకు కేంద్రంగా ఉన్న నర్సీపట్నం మైదానానికీ మన్యానికీ మధ్య గుమ్మం వంటిది. చింతపల్లి, కొయ్యూరు, కృష్ణదేవిపేట వైపు కొండల నుంచి దిగేవారికి మొదట తగిలే పెద్ద బజారు, కచేరీలు, పెద్ద ఆసుపత్రి ఇక్కడివే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను విభజించినప్పుడు నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలోకి, చింతపల్లి, కొయ్యూరు మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళినా, రోగుల నడక మాత్రం ఆ గీతను పట్టించుకోలేదు. పట్టణం పేరుతోనే ఉన్న నర్సీపట్నం రోడ్ రైల్వే స్టేషన్ ఊరికి చాలా దూరంలో ఉండడం వల్ల ఇక్కడివారి ప్రయాణం ప్రధానంగా బస్సు ప్రయాణమే. ఈ ప్రాంతపు వైద్య చరిత్రలో జ్వరానికి ప్రత్యేక స్థానం ఉంది. మన్యపు మలేరియా పాలనాధికారులను శతాబ్దానికి పైగా భయపెట్టింది. 1922–24 మన్యం తిరుగుబాటును అణచడానికి వచ్చిన బలగాలను కూడా అది వదలలేదు. ఇక్కడి జనానికి జ్వరం కొత్త కాదు, దానికి వెంటనే పరుగెత్తే అలవాటూ లేదు. ఈ పాత పరిచయమే కీమో రోగి విషయంలో ప్రాణాంతకమవుతుంది. ఆ సంగతి ముందుముందు వస్తుంది.

క్యాన్సర్ వైద్యం చాలాకాలం ఈ పట్టణానికి అందనంత దూరంలోనే ఉండేది. విశాఖపట్నంలో కింగ్ జార్జ్ ఆసుపత్రి, ఆంధ్ర వైద్య కళాశాల 1923లో ఏర్పడ్డాయి. క్యాన్సర్ కోసమే నెలకొల్పిన సంస్థలు చూడాలంటే మద్రాసులో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి చొరవతో 1954లో 12 పడకలతో మొదలైన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌కో, 1955లో హైదరాబాదులో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ రేడియం ఆసుపత్రికో పోవలసి వచ్చేది. అంత దూరం పోయినవారు చికిత్స ముగిసేదాకా ఆసుపత్రిలోనో, దాని చుట్టుపక్కల అద్దె గదిలోనో ఉండిపోవడం తప్పనిసరి కాబట్టి, విచిత్రంగా ఆ కాలంలో రోగి బాధ నర్సు కళ్ళెదుటే జరిగేది. ఖర్చు భరించలేక మధ్యలో ఇంటికి తిరిగి వచ్చినవారి బాధకు మాత్రం సాక్షులు ఇంటివారే.

ఈ మందుల కథలో ఒక తెలుగువాడి పాత్ర ఉంది. టెట్రాసైక్లిన్ల కుటుంబానికి దారి తీసిన పరిశోధకుడిగా పాఠ్యపుస్తకాలు చెప్పే ఎల్లాప్రగడ సుబ్బారావు (భీమవరంలో 1895లో జన్మించారు) న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లానికి అడ్డుపడే పదార్థాలను తన బృందంతో తయారుచేయించారు. వాటితోనే బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గించవచ్చని 1948లో చూపించారు. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో మరణించారు. ఆ ఫోలిక్ ఆమ్ల నిరోధకాల కుటుంబంలోని మెథోట్రెక్సేట్ రొమ్ము క్యాన్సర్ గడ్డలపైనా పనిచేస్తుందని 1951లో జేన్ రైట్ వెల్లడించారు. 1976లో ఇటలీలోని మిలాన్ నుంచి జియాన్ని బొనడోనా ప్రకటించిన ఫలితాలతో, శస్త్రచికిత్స తరువాత సైక్లోఫాస్ఫమైడ్, మెథోట్రెక్సేట్, ఫ్లోరోయురాసిల్ అనే మూడు మందులను కలిపి ఇవ్వడం రొమ్ము క్యాన్సర్‌లో ప్రపంచమంతటా పద్ధతిగా మారింది. ఆ మూడింటిలో నడిమిది సుబ్బారావు పనికి నేరుగా వారసత్వమన్న మాట తెలుగు పత్రికలలో రావలసినంతగా రాలేదు. నోటి పుండ్లు ఆ మందుకు బాగా తెలిసిన దుష్ఫలితం; రోగి అన్నం మానేసిందని ఇంట్లో నొచ్చుకునే సంగతి వెనుక తరచూ ఉండేది అదే.

అసలు మలుపు మందులలో గాక మందులిచ్చే పద్ధతిలో వచ్చింది. 1990ల మొదట్లో ఆన్‌డాన్‌సెట్రాన్ వంటి బలమైన వాంతి నిరోధకాలు, తెల్ల రక్తకణాలను పెంచే ఇంజెక్షన్లు రావడంతో, రోగిని వార్డులో పడుకోబెట్టనవసరం లేకుండా ఉదయం మందెక్కించి సాయంత్రానికి ఇంటికి పంపే డే కేర్ విధానం బలపడింది. ఇది రోగికి మేలే, ఆసుపత్రికీ మేలే. కాని వైద్యం ఎంత సులువైందో రోగి అంతగా వైద్యుడి చూపు నుంచి తప్పుకుంది. దుష్ఫలితాలను లెక్కగట్టే కొలమానం అప్పటికే ఉంది: అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1983లో తొలిసారి రూపొందించిన ప్రమాణాల ప్రకారం ప్రతి లక్షణానికీ తీవ్రతను బట్టి శ్రేణులుంటాయి. ఉదాహరణకు ఇప్పటి ప్రమాణాలలో మామూలుకన్నా రోజుకు నాలుగు లోపు విరేచనాలు ఎక్కువైతే మొదటి శ్రేణి, నాలుగు నుంచి ఆరైతే రెండవది, ఏడు లేదా అంతకు మించితే మూడవది. ఈ శ్రేణిని నింపేది మాత్రం వైద్యుడు, అదీ రోగి తరువాతి విడతకు వచ్చినప్పుడు. మూడు వారాల క్రితం నాటి వాంతులను జ్ఞాపకం మీద చెప్పడం, ఎదుట కిక్కిరిసిన వరుస ఉండగా అది వినడం, రెండూ నమ్మదగిన పద్ధతులు కావు. చాలామంది మహిళలు మందు ఆపేస్తారేమోనన్న భయంతో బాధను తగ్గించి చెబుతారన్నది కూడా ఇక్కడ లెక్కలోకి రావాలి.

రోగి చేతనే నమోదు చేయించాలన్న ఆలోచన ఈ లోపాన్ని పూడ్చడానికి పుట్టింది. బ్రిటన్‌లో నోరా కెర్నీ బృందం స్మార్ట్‌ఫోన్ల వాడకం ఇంకా విస్తరించక మునుపే మొబైల్ ఫోన్‌లో ప్రశ్నావళి పెట్టి, రోగి జవాబు హద్దు దాటితే ఆసుపత్రికి హెచ్చరిక వెళ్ళే ఏర్పాటును పరీక్షించి 2009లో ఫలితాలు ప్రచురించింది. అదే వ్యవస్థను ఐదు ఐరోపా దేశాల్లోని 12 కేంద్రాలలో, రొమ్ము క్యాన్సర్ రోగులతో సహా 829 మందిపై పరీక్షించి, వాడినవారిలో లక్షణాల భారం తగ్గిందని 2021లో వెల్లడించారు. అమెరికాలో ఈథన్ బాష్ బృందం 766 మంది ముదిరిన క్యాన్సర్ రోగులపై చేసిన అధ్యయనం ఇంకా ముందుకు పోయింది: లక్షణాలను కంప్యూటర్ ద్వారా తామే తెలిపిన వర్గంలో మధ్యస్థ జీవితకాలం 31.2 నెలలు కాగా, మామూలు పద్ధతిలో 26 నెలలని 2017లో తేలింది. కొత్త మందేదీ లేకుండా ఐదు నెలలు కలిశాయి. కలిపింది యంత్రం మాత్రమే కాదు; హెచ్చరిక అందుకుని ఫోన్ చేసిన నర్సు కూడా. యాప్‌లను పొగిడే రాతలలో ఈ రెండవ సగం తరచూ జారిపోతుంది.

తెలుగు నేలపై దూరవైద్యానికి వేరే వంశవృక్షం ఉంది. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో సంస్థ ఉపగ్రహ సంధానంతో నెలకొల్పిన గ్రామీణ టెలిమెడిసిన్ కేంద్రం 2000 మార్చిలో ప్రారంభమైంది. 2005 ఆగస్టులో 108 అంబులెన్సు, 2007లో 104 ఆరోగ్య సలహా ఫోను, అదే ఏడాది పేదలకు ఉచిత చికిత్స అందించే ఆరోగ్యశ్రీ పథకం వచ్చాయి. వీటిలో 104 నిర్వాహకులు వరుస ప్రశ్నలడిగి, జవాబులను బట్టి ప్రమాదాన్ని అంచనా వేసి వైద్యుడికి కలిపిన తీరు నేటి లక్షణాల యాప్‌లు చేసే పనికి తోబుట్టువే. ఆరోగ్యశ్రీ కీమో ఖర్చును భరించి, నర్సీపట్నం చుట్టుపక్కల పేద మహిళలకు విశాఖ నెట్‌వర్క్ ఆసుపత్రుల తలుపు తెరిచింది. ఆసుపత్రిలో దారి చూపడానికి ఆరోగ్యమిత్ర అనే ఉద్యోగి ఉంటాడు గాని, ఇంటికి చేరిన తరువాత ఆ ఏర్పాటు ఆగిపోతుంది. 2014 తరువాత టాటా మెమోరియల్ సెంటర్ శాఖగా అగనంపూడిలో రూపుదిద్దుకున్న హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి నగరంలోకి ప్రవేశించక ముందే, అనకాపల్లి మీదుగా వచ్చేవారి దారిలోనే ఉండడం ఈ ప్రాంతపు రోగులకు పెద్ద ఊరట. 2020 మార్చిలో కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ప్రకటించడంతో ఫోన్‌లో సలహా ఇవ్వడానికి వైద్యులకు స్పష్టమైన నియమావళి కూడా ఏర్పడింది.

ఇక వెనుక చెప్పిన జ్వరం సంగతి. మందెక్కిన ఏడవ రోజు నుంచి పద్నాలుగవ రోజు వరకు తెల్ల రక్తకణాలు అడుగంటే కాలం. అప్పుడు సోకిన సూక్ష్మజీవిని ఎదిరించే శక్తి ఒంట్లో ఉండదు కాబట్టి, శరీర ఉష్ణోగ్రత 100.4 ఫారెన్‌హీట్ డిగ్రీలను తాకిందంటే యాంటీబయాటిక్ వీలైనంత వరకు గంటలోగా పడాలి. మలేరియా, టైఫాయిడ్ అలవాటైన నర్సీపట్నం పరిసరాలలో మాత్రం జ్వరానికి మొదటి మెట్టు ఊరి ఆర్‌ఎంపీ, అంటే వైద్య పట్టా లేని స్థానిక వైద్యుడి దగ్గర ఇంజెక్షనూ ఒక పారాసెటమాల్ బిళ్ళా. బిళ్ళ వేడిని దింపి ప్రమాదాన్ని కప్పేస్తుంది. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో తయారైన యాప్ ఈ ఆర్‌ఎంపీని ఎరగదు. ఇక్కడికి పనికివచ్చే యాప్ మొదటి ప్రశ్నగా జ్వరాన్ని, రెండవ ప్రశ్నగా బిళ్ళ వేసుకున్నారా అన్నదాన్ని అడగాలి.

ఫోను ఎవరి చేతిలో ఉందన్నది అంతే ముఖ్యం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో స్వయంగా వాడుకునే మొబైల్ ఉన్నవారు సగం కన్నా తక్కువే. రొమ్ము గాయం గురించి, మూత్రంలో మంట గురించి కొడుకు ఫోన్‌లో మీట నొక్కడానికి ఏ తల్లి అయినా వెనుకాడుతుంది. చింతపల్లి వైపు సిగ్నల్ కోసం గట్టెక్కవలసిన ఊళ్ళు నిన్నమొన్నటి దాకా ఉండేవి. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభించిన 100 టవర్లలో అధిక భాగం అల్లూరి జిల్లాకే దక్కడం ఆ కొరత ఎంతటిదో చెబుతుంది. ఈ రెండు అడ్డంకులకూ అందుబాటులో ఉన్న జవాబు 2005 తరువాత ఊరూరా నియమితులైన ఆశా కార్యకర్త. ఆమెకు ఫోనుంది, ఇంటి లోపలికి చొరవ ఉంది, ఎవరు ఎన్నో రోజున ఉన్నారో లెక్క పెట్టే అలవాటు గర్భిణుల విషయంలో ఎప్పటి నుంచో ఉంది.

కనుక ఈ ప్రాంతానికి యాప్ తెచ్చేవారు తెర మీది రంగులకన్నా ముందు రెండు పనులు పూర్తి చేయాలి: హెచ్చరిక వచ్చినప్పుడు తెలుగులో తిరిగి ఫోన్ చేసే నర్సును పగలూ రాత్రీ నియమించాలి, కీమో రోగికి జ్వరమొస్తే విశాఖ బస్సు కోసం చూడకుండా మొదటి డోసు యాంటీబయాటిక్ వేసే ఏర్పాటు నర్సీపట్నం ఏరియా ఆసుపత్రిలోనే ఉంచాలి. అంతవరకు కీమో తీసుకుంటున్న మహిళ ఉన్న ప్రతి ఇంట్లో ఒక థర్మామీటరు ఉండాలి, అది 100.4 చూపిన క్షణాన బిళ్ళతో సరిపెట్టక ఆసుపత్రికి వెళ్ళి, ఏ తేదీన ఏ మందు ఎక్కించుకున్నారో మొట్టమొదట చెప్పాలి.