కోళ్ళ జాలీతో పట్టిన ఉపగ్రహం

ఈసీఐఎల్ అంటే మా తరానికి ఒక చౌరస్తా. బస్సు దిగే చోటు. ఏ.ఎస్. రావు నగర్ అంటే టిఫిన్ సెంటర్లు, బట్టల షాపులు. ఆ రావుగారు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు అనీ, 1967లో ఈసీఐఎల్‌ని నిలబెట్టిన శాస్త్రవేత్త అనీ నాకు ఇంజనీరింగ్ నాలుగేళ్ళూ ఎవరూ చెప్పలేదు. ఇప్పుడది మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా. 1975లో అటు ఈసీఐఎల్, ఇటు మేడ్చల్, శామీర్‌పేట అన్నీ హైదరాబాద్ జిల్లాయే. రంగారెడ్డి జిల్లా 1978లో గానీ పుట్టలేదు.

ఆ ఫ్యాక్టరీ చేసిన వాటిలో నాకు బాగా నచ్చినవి పెద్ద కంప్యూటర్లు కావు, చంద్రయాన్ కోసం బెంగళూరు దగ్గర బ్యాలాలులో నిలబెట్టిన 32 మీటర్ల డిష్ కూడా కాదు. 1975లో పల్లెలకి వెళ్ళిన టీవీ సెట్లు. ఇంకా చెప్పాలంటే, ఆ సెట్ల పక్కన నిలబెట్టిన పదడుగుల గొడుగు. దాని ఒంటికి చుట్టింది కోళ్ళగూళ్ళకి కొట్టే ఇనప జాలీ!

‘సైట్’ ప్రయోగం గురించి వినే ఉంటారు. 1969లో నాసాతో మన అణుశక్తి శాఖ ఒప్పందం చేసుకుంది. విక్రమ్ సారాభాయ్ కన్న కల అది, ఆయన మాత్రం 1971లోనే పోయారు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, సరిగ్గా ఏడాదిపాటు, అమెరికా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని మనకి అరువిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళకి టీవీ వచ్చింది. పొద్దున పిల్లలకి పాఠాలు, సాయంత్రం పెద్దలకి వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. తెలుగు కార్యక్రమాలు హైదరాబాద్‌లో తయారయ్యేవి. అప్పటికి హైదరాబాద్‌కే టీవీ లేదు! నగరానికి దూరదర్శన్ వచ్చింది 1977లో. అంటే మన పల్లెలు కొన్ని పట్నం కంటే ముందే టీవీ చూశాయన్నమాట.

ఇంత పెద్ద కథలో జాలీకేం పని అంటారా? అసలు పని దానిదే. ఏటీఎస్-6 టీవీ ప్రసారం 860 మెగాహెర్ట్జ్ మీద జరిగేది. అంటే అల పొడవు దాదాపు 35 సెంటీమీటర్లు. రేడియో అలకి చిన్న చిన్న కన్నాలు కనపడవు. కన్నం అల పొడవులో పదోవంతు కంటే చిన్నదైతే, దానికి జాలీ అయినా పలక అయినా ఒకటే, తగిలి వెనక్కి తిరుగుతుంది. ఇక్కడ పదోవంతంటే మూడున్నర సెంటీమీటర్లు. కోళ్ళ జాలీ కన్నం అంతకంటే చిన్నది. పలకకి బదులు జాలీ వేస్తే బరువు తగ్గుతుంది, ఖర్చు తగ్గుతుంది, గాలి అందులోంచి పోతుంది కాబట్టి గొడుగు ఎగిరిపోదు. అహ్మదాబాద్‌లోని ఇస్రో స్పేస్ అప్లికేషన్స్ సెంటర్ ఇంజనీర్లు ఈ లెక్కని నమ్ముకున్నారు. ఆకాశంలో తొమ్మిది మీటర్ల డిష్‌తో ఆ కాలానికి మహా ఖరీదైన ఉపగ్రహం, కింద కోళ్ళ జాలీ. ఆ రెండూ కలిస్తేనే టీవీలో బొమ్మ.

ఇలాంటి సెట్టు ఒకటి కొలంబోకి కూడా వెళ్ళింది. సైన్స్ ఫిక్షన్ చదివేవాళ్ళకి ఆ ఇల్లు తెలుసు, ఆర్థర్ సి. క్లార్క్‌ది. భూస్థిర కక్ష్యలో మూడు ఉపగ్రహాలుంటే ప్రపంచమంతా ప్రసారం చేయొచ్చని 1945లో ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో రాసిన మనిషి, ముప్ఫై ఏళ్ళకి ఆ ప్రసారాన్ని తన ఇంట్లో కూర్చుని చూశాడు. ఇస్రో వాళ్ళే వెళ్ళి బిగించి వచ్చారు.

నా పేచీ ఇక్కడ మొదలవుతుంది. ‘సైట్’ని మనం విజయగాథగా చెప్పుకుంటాం, అది నిజమే. కానీ ఆ గొడుగుకి వినడమొక్కటే తెలుసు. ఏం చూపించాలో కార్యక్రమాలు చేసేవాళ్ళు నిర్ణయించేవాళ్ళు, ఊరు చూసేది. ఊరి మాట పైకి వెళ్ళే దారి ఆ జాలీలో లేదు. ఏడాది కాగానే అమెరికా తన ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకుపోతే ఆ గొడుగులు శూన్యానికేసి చూస్తూ మిగిలాయి.

వినడంతో ఊరుకోని వాళ్ళు అప్పటికే ఇంకొందరున్నారు, హ్యామ్‌లు. హైదరాబాద్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో 1983లో మొదలైంది. 2004 డిసెంబర్‌లో భారతీ ప్రసాద్ నాయకత్వంలో ఆ సంస్థ బృందం అండమాన్ వెళ్ళింది, సరదాగా ప్రపంచంలోని హ్యామ్‌లతో మాట్లాడ్డానికి. 26వ తేదీన సునామీ వచ్చింది. ఫోన్లు పోయాయి. ఆ సరదా రేడియోలే ద్వీపాల క్షేమసమాచారాన్ని బయటికి మోశాయి. తరవాతి మే 5న ఇస్రో హ్యామ్‌ల కోసమే 42.5 కిలోల హ్యామ్‌శాట్‌ని పంపింది, అది 2014 దాకా పనిచేసింది. ఈసారి కింది నుంచి మాట పైకి వెళ్ళింది, ఇంకో దేశంలో దిగింది.

ఇప్పుడు ఇంకో అడుగు. 2018 నవంబర్‌లో ఖతార్ పంపిన ఎస్‌హెయిల్-2 ఉపగ్రహం మీద హ్యామ్‌లకంటూ ఒక ట్రాన్స్‌పాండర్ ఉంది. దాన్ని క్యూఓ-100 అంటారు. భూస్థిర కక్ష్యలో హ్యామ్‌లకి దొరికిన మొదటి చోటు. పైకి 2.4 గిగాహెర్ట్జ్, కిందికి 10.49. రెండూ మైక్రోవేవ్‌లే. దాన్ని వినడానికి మేడ్చల్ మేడమీద నేను పెట్టింది పాత డీటీహెచ్ డిష్, సాధారణ యూనివర్సల్ ఎల్‌ఎన్‌బి, కోఠీ గుజరాతీ గల్లీలో కొన్న కనెక్టర్లు, ఒక చిన్న ఎస్‌డీఆర్ డాంగిల్. చుట్టుపక్కల డిష్‌లన్నీ దక్షిణానికి, ఆగ్నేయానికి చూస్తుంటాయి. నాది ఒక్కటే పడమరకి. ఇంటి ఓనర్ ఆంటీ రెండుసార్లు చెప్పింది, “బాబూ, నీ డిష్ గాలికి తిరిగిపోయిందమ్మా” అని.

కోళ్ళఫారాలున్న ఊళ్ళు కాబట్టి మేడ్చల్, శామీర్‌పేట హార్డ్‌వేర్ షాపుల్లో జాలీ చుట్టలు చుట్టలుగా దొరుకుతుంది. కానీ 10 గిగాహెర్ట్జ్‌కి అది పనికిరాదు. అల పొడవు మూడు సెంటీమీటర్లు కూడా లేదు, కన్నం మూడు మిల్లీమీటర్లు దాటకూడదు. అందుకే గట్టి రేకు డిష్. 2.4 దగ్గర మాత్రం అల పన్నెండున్నర సెంటీమీటర్లు, అరంగుళం జాలీ సరిగ్గా అంచున సరిపోతుంది. డబ్బాతో యాంటెన్నా చెయ్యాలన్నా ఇలాంటి లెక్కే. దాదాపు 7.3 సెంటీమీటర్ల కంటే సన్నటి డబ్బాలో ఆ అల ముందుకే నడవదు. తొమ్మిదిన్నర దాటితే రెండు రకాలుగా నడిచి గందరగోళం చేస్తుంది. ఈ మధ్యలో ఉన్న రేకు డబ్బా వంటింట్లో దొరికితే అది యాంటెన్నాయే. సాఫ్ట్‌వేర్‌లో రోజూ ఎవరో రాసిన లైబ్రరీల మీద బతికే నాకు, ఒక వస్తువు ఎందుకు పనిచేస్తుందో చివరిదాకా స్కేలుతో కొలవగలగడం పెద్ద సుఖం.

ఇంకో లెక్క వేశాను. ఏటీఎస్-6 మనకి ప్రసారం చేసింది 35 డిగ్రీల తూర్పు రేఖాంశం నుంచి. క్యూఓ-100 దాదాపు 26 డిగ్రీల దగ్గరుంది. హైదరాబాద్ నుంచి చూస్తే మొదటిది పడమర వైపు 37 డిగ్రీల ఎత్తున ఉండేది, రెండోది అదే వైపు 28 డిగ్రీల ఎత్తున ఉంది. ఆ కోళ్ళ జాలీ గొడుగులు చూసిన ఆకాశపు ముక్కకి కాస్త కిందే ఇప్పుడు నా డిష్ చూస్తోంది.

తేడా ఒక్కటే. అక్కడికి వెళ్ళిన గొంతు 38,800 కిలోమీటర్లు ఎక్కి, అంతే దూరం దిగి, పావు సెకనులో తిరిగొస్తుంది. నేనింకా వినేవాడినే, పైకి పంపే భాగం కట్టలేదు. చరిత్ర పుస్తకాల్లో ‘సైట్’కి ఉపగ్రహం బొమ్మ వేస్తారు. జాలీ బొమ్మ కూడా వెయ్యాలి. ఊరికి మాట చేరడానికి ఒక జాలీ చాలిందని, ఊరి మాట పైకి వెళ్ళడానికి మాత్రం అది చాలలేదని చదివేవాళ్ళకి తెలియాలి. రెండో సగం ఇంకా ఎవరో ఒకరు కట్టాల్సే ఉంది.