స్టైన్‌బర్గ్, లారెన్స్ (జననం: 1952)
అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త. కౌమార వికాసం, కుటుంబ సంబంధాలు ఆయన ప్రధాన రంగాలు. 1977లో కార్నెల్‌లో డాక్టరేట్ పొందారు. 1988 నుంచి ఫిలడెల్ఫియాలోని టెంపుల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులు. ఆప్యాయత, కట్టుబాటు రెండూ ఉండి, పిల్లల మాటకూ విలువిచ్చే ఇళ్లలో పెరిగినవారు చదువులో మెరుగ్గా ఉంటారని ఆయన అధ్యయనాలు చూపాయి.

ఎక్కువ పేరు తెచ్చింది మాత్రం 2005లో మార్గో గార్డ్‌నర్‌తో కలిసి ప్రచురించిన ప్రయోగం. కారు నడిపే వీడియో గేమ్‌లో, స్నేహితులు పక్కనుంటే కౌమారులు మరింత తెగించారు. పెద్దలలో ఆ మార్పు దాదాపు లేదు. తెలివి తక్కువై కాదు, ఆనందం కోరే మెదడు వ్యవస్థ ముందే చురుకెక్కి, నిగ్రహం నెమ్మదిగా పరిణతి చెందడమే కారణమని ఆయన వాదం. పద్దెనిమిదేళ్లు నిండకముందు చేసిన నేరాలకు మరణశిక్షను రద్దుచేస్తూ అదే ఏడాది అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన రోపర్ తీర్పు, ఎలిజబెత్ స్కాట్‌తో ఆయన రాసిన వ్యాసాన్ని ఉటంకించింది.