డాబా మీద నాచు పంట: ఎండ ఫ్రీ, మిగతాదంతా ఖర్చే

ఎండాకాలం మధ్యాహ్నం రెండింటికి డాబా మీది ట్యాంకు నీళ్లు ఎప్పుడైనా పట్టుకున్నారా? చెయ్యి పెట్టగానే చురుక్కుమంటుంది. ఆ చురుకు గుర్తుపెట్టుకోండి, ఈరోజు కథ అక్కడే మొదలవుతుంది.

1951 వేసవి. అమెరికాలో మాసాచుసెట్స్ రాష్ట్రం, కేంబ్రిడ్జ్ ఊరు. ఒక బిల్డింగ్ పైకప్పు మీద పల్చటి పాలిథీన్ గొట్టాలు పరిచి, వాటిలో పచ్చటి నీళ్లు తిప్పుతున్నారు. ఆ పచ్చదనం క్లోరెల్లాది. అంటే ఒకే ఒక్క కణం ఉండే, విడిగా కంటికి కనపడని నాచు. డబ్బు పెట్టింది కార్నెగీ ఇన్‌స్టిట్యూషన్, పని చేసింది ఆర్థర్ డి. లిటిల్ అనే కంపెనీ.

ఎందుకీ తిప్పలు? రెండో ప్రపంచయుద్ధం అయిపోయి ఎన్నో ఏళ్లు కాలేదు. జనాభా పెరుగుతోంది, తిండి చాలదేమో అని భయం. క్లోరెల్లాని ఎండబెడితే అందులో దాదాపు సగం ప్రోటీనే. పొలం అక్కర్లేదు. ఎండా, నీళ్లూ, కార్బన్ డయాక్సైడూ, కొంచెం ఎరువూ చాలు. ల్యాబ్ సీసాల్లో బ్రహ్మాండంగా పెరిగింది కూడా.

మా సాఫ్ట్‌వేర్ వాళ్లం ఒక మాట అంటుంటాం కదా, "నా లాప్‌టాప్‌లో బాగానే నడిచిందే!" అని. ఇక్కడా అదే కథ.

మొదటి తలనొప్పి వేడి. చెరువైతే పైనుంచి ఆవిరి పోయి కాస్త చల్లబడుతుంది. మూసిన గొట్టానికి ఆ దారి లేదు, మన ట్యాంకులాగే కాగిపోతుంది. అంటే ఎండ ఫ్రీయే, కానీ ఆ ఎండని చల్లార్చడానికి ఖర్చు.

రెండోది ఇంకా విచిత్రం. ఎండ ఎక్కువైతే పంట ఎక్కువ అనుకుంటాం. కాదు. చాలా రకాల నాచులకు నడినెత్తి ఎండలో పదో వంతు దగ్గరే కడుపు నిండిపోతుంది. పైనున్న కణాలకు అజీర్తి, కొన్ని సెంటీమీటర్ల కిందున్న వాటికి పస్తు. పెళ్లి భోజనాల్లో వంటకాలన్నీ మొదటి బంతికే వడ్డించేసినట్టు! అందుకే నీళ్లు కలుపుతూ ఉండాలి, ప్రతి కణమూ వంతులవారీగా వెలుగులోకి రావాలి. వెలుతురు మెరిసి ఆగి, మెరిసి ఆగి వస్తే నాచు దాన్ని ఎలా వాడుకుంటుందో బెసెల్ కోక్ చేసిన ప్రయోగాలు, జాన్ బర్లూ ఎడిట్ చేసిన 1953 నాటి పుస్తకంలోనే ఉన్నాయి.

మూడోది ఆక్సిజన్. నాచు వదిలే ఆక్సిజన్ మూసిన గొట్టంలో పేరుకుపోయి, చివరికి నాచు ఎదుగుదలకే అడ్డం పడుతుంది. కాబట్టి గొట్టాన్ని ఎంత పొడుగంటే అంత వెయ్యలేం, మధ్యమధ్యలో గాలి బయటికి పంపాలి.

ఇన్ని బాధలెందుకని కాలిఫోర్నియాలో విలియం ఆస్వాల్డ్ లాంటివాళ్లు లోతు తక్కువ చెరువుల వైపు వెళ్లారు. పరుగుపందెం ట్రాక్ ఆకారంలో కాలువ, నీళ్లు తిప్పడానికి ఒక తెడ్ల చక్రం, అంతే. చవక. చమురు సంక్షోభం తర్వాత అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 దాకా నాచుతో ఇంధనం తీసే ప్రోగ్రామ్ నడిపింది. అది కూడా చెరువులనే నమ్ముకుంది. కానీ న్యూమెక్సికోలోని రాస్‌వెల్‌లో రాత్రి చలికి దిగుబడి పడిపోయింది. పైగా చెరువు నీళ్లలో లీటరుకి దొరికే నాచు అర గ్రాము అటూఇటూ. దాన్ని వడకట్టడం ఇంకో ఖర్చు.

ఇప్పుడు అసలు ట్విస్ట్. 2001లో అదే కేంబ్రిడ్జ్ ఊళ్లో గ్రీన్‌ఫ్యూయెల్ అనే స్టార్టప్ పుట్టింది. ఎంఐటీ పవర్ ప్లాంట్ పైకప్పు మీద మళ్లీ గొట్టాలు! ఈసారి పొగలోని కార్బన్ డయాక్సైడ్‌తో నాచు పెంచి ఇంధనం చేస్తామన్నారు. 2007లో అరిజోనాలోని ఒక పవర్ ప్లాంట్ దగ్గర పెద్దగా పెట్టారు. నాచు పెరగలేదా? పెరిగింది! బయటికి తీసే వేగం కన్నా ఎక్కువగా పెరిగి, కిక్కిరిసి చచ్చిపోయింది. 2009లో కంపెనీ మూతపడింది.

మరి గొట్టాలు ఎక్కడా పనిచెయ్యలేదా? చేశాయి. జర్మనీలోని క్లోట్జెలో ఒక అద్దాల షెడ్డులో సుమారు 500 కిలోమీటర్ల గాజు గొట్టాలు పెట్టారు. హైదరాబాద్ నుంచి బెంగళూరుకి విమానం వెళ్లేంత దూరం! వాటిని నేల మీద పరచలేదు, కంచెల్లా నిలబెట్టారు. దాంతో ఒకే ఎండ ఎక్కువ కణాలకు కొంచెం కొంచెంగా పంచబడుతుంది. బంతి భోజనాల సమస్యకి అదే సమాధానం. ఇంకో తేడా, వాళ్లు అమ్మింది ఇంధనం కాదు, ఖరీదైన హెల్త్ ఫుడ్. ఆ ధరకి గాజు గొట్టాల ఖర్చు తట్టుకుంటుంది, డీజిల్ ధరకి తట్టుకోదు.

అందుకే రేపు మీ ఫీడ్‌లో "నాచుతో పెట్రోల్, ప్రపంచం మారిపోతుంది" అని ఒక రీల్ వస్తే, షేర్ కొట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి. వేడి ఎలా తగ్గిస్తారు? నీళ్లలోంచి నాచు ఎలా తీస్తారు? కిలో ఎంతకి అమ్ముతారు? మొదటి ప్రశ్న 1951లో ఆ పైకప్పు మీదే ఎదురైంది. జవాబు లేకుండా మళ్లీ గొట్టాలు పరిస్తే, ఈసారీ కాగేది మన డబ్బే.

మీ డాబా మీద ఎండతో ఏం చేద్దామనుకుంటున్నారో కామెంట్లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.